మూత మార్చినా పి0442 పోవట్లేదా? పర్జ్ వాల్వ్ చూడండి

కారు పెట్రోల్ ట్యాంకుకు కొత్త మూత పెట్టినా చెక్ ఇంజిన్ కోడ్ పి0442 మళ్లీ వస్తోంది, సెల్లార్‌లో పెట్రోల్ వాసన కూడా ఉంది, ఏం చేయాలని ఒకరు అడిగారు. అది పెట్రోల్ ఆవిరి ఎక్కడో కాస్త లీకవుతోందని చెప్పే కోడే, టెన్షన్ వద్దు. కానీ నాన్చకండి.

ముందు పర్జ్ వాల్వ్, అంటే క్యానిస్టర్ (ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) నుంచి ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వ్. ఇంజిన్ చల్లారాక కనెక్టర్, గొట్టం విప్పి క్యానిస్టర్ వైపు నుంచి చేతిపంపుతో గాలి కొట్టండి (నోటితో వద్దు). కరెంటు లేనప్పుడు అది మూసుకునే ఉండాలి. గాలి దూరిపోతే వాల్వ్ పోయినట్టే.

అది బాగుంటే ఆవిరి గొట్టాలు చూడండి. సెల్లార్ పార్కింగ్ అంటే నా అనుమానం ఎలుకల మీదే. వంపు తిరిగే చోట, క్లిప్పు పక్కన రబ్బరు నొక్కితే సన్న పగుళ్లు బయటపడతాయి.

దొరక్కపోతే ఆటోనగర్‌లో స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి లీకు పట్టే పరీక్ష) అడగండి. ఒత్తిడి 1 పీఎస్ఐ లోపే. టైర్ల కంప్రెసర్ మాత్రం పెట్టనివ్వకండి.

ఈలోగా బంకులో ఆటో కట్ పడ్డాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టించడం మానండి, క్యానిస్టర్‌లో బొగ్గు తడిసి పాడవుతుంది.