రెండూ ఫాలే, మరి నెల తేడా ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో రెండుచోట్ల సీటొచ్చింది. ఒకచోట ఆగస్టులో క్లాసులట, ఇంకోచోట సెప్టెంబరు ఆఖర్లోనట. రెండూ ఫాల్ (శరదృతువు) అడ్మిషన్లే కదండీ, ఈ తేడా ఏంటి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కంగారు పడకండమ్మా. మొదటిది సెమిస్టర్ పద్ధతి అయ్యుంటుంది, రెండోది క్వార్టర్. కాలిఫోర్నియా యూనివర్సిటీనే చూడండి, బర్క్‌లీ, మెర్సెడ్ క్యాంపస్‌లలో సెమిస్టర్లు, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో లాంటి చోట్ల క్వార్టర్లు. సెమిస్టరంటే దాదాపు 15 వారాలు. క్వార్టర్లో పాఠాలు 10 వారాలే, అందుకే సెప్టెంబరు ఆఖర్లో మొదలైనా సరిపోతుంది. అంటే ఐదో వారానికల్లా మిడ్‌టర్మ్ పరీక్ష నెత్తిమీదుంటుంది, జ్వరమొచ్చి వారం పడుకుంటే మళ్లీ అందుకోవడం గగనమే. పేరుకి క్వార్టరే గానీ మామూలుగా చదివేది ఏడాదికి మూడే, నాలుగోది వేసవి. ఫీజు విడతలూ ఆ లెక్కనే మారతాయి, లోను సంగతి బ్యాంకులో ముందే మాట్లాడుకోండి.