బొమ్మలు గీస్తూ బతకగలదా అని అడిగిన తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. ఎప్పుడు చూసినా మనుషుల క్యారికేచర్లు గీస్తూ కూర్చుంటుంది. సామాజిక మాధ్యమంలో ఆమె బొమ్మలకు 11 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. డిగ్రీ వద్దని, ఆరు నెలల డిజిటల్ ఇలస్ట్రేషన్ కోర్సు చేసి ఫ్రీలాన్సర్‌గా స్థిరపడతానని పట్టుబడుతోంది. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ మంచిదా, ఈ కోర్సు మంచిదా? అసలు బొమ్మలు కూడు పెడతాయా? పరీక్షలయ్యే దాకా ఆమె ట్యాబ్లెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె ధోరణి మీకు అర్థం కావడానికి, ఆ తరువాత నా మీద గీసిన బొమ్మ ఒకటి పంపుతున్నాను.

జవాబు: మీరు ఫిర్యాదుగా పంపిన ఆ బొమ్మతోనే మొదలుపెడతాను. కళ్లద్దాలను నుదుటి మీదికి నెట్టుకుని, వాటి కోసమే సొరుగంతా వెతుకుతున్న మనిషిని ఆమె గీసింది. ముఖంలో పెద్దది చేసింది ఒక్క కనుబొమల మధ్య ముడతనే. ముక్కు జోలికి గానీ చెవుల జోలికి గానీ పోలేదు. కొత్తగా గీసేవారు కనిపించిన ప్రతి అవయవాన్నీ సాగదీస్తారు. దేనిని పెంచాలో, దేనిని వదిలేయాలో తెలియడమే ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన భాగం. క్యారికేచర్ అన్న మాటకు మూలమైన ఇటాలియన్ క్రియకు బరువెక్కించడం అని అర్థం. ఆ బరువు ఎక్కడ మోపాలో మీ అమ్మాయికి తెలిసింది. పైగా ట్యాబ్లెట్ మీ బీరువాలో ఉండగానే, రూళ్ల కాగితం మీద, చెరపడానికి వీలులేని బాల్ పెన్నుతో గీసింది. మీరు దీనిలో పొగరును చూశారు; నాకు మాత్రం మిమ్మల్ని చాలాసేపు శ్రద్ధగా గమనించిన కన్ను కనిపించింది.

డిగ్రీయా కోర్సా అని అడిగే తల్లిదండ్రుల ఉత్తరాలు నాకు ఏటా చాలా వస్తాయి. వారిని నిజంగా నిద్రపోనివ్వనిది ఆ సందేహం కాదు, నెల మొదట్లో జీతం రాని బతుకు ఎలా ఉంటుందన్న భయం. అందువల్ల ముందు ఆ బతుకు గురించే చెబుతాను.

ఫ్రీలాన్స్ క్యారికేచర్ చిత్రకారుల ఆదాయం ఒకే చోటి నుంచి రాదు. వేడుకలలో, కంపెనీల సమావేశాలలో అతిథులను ఎదురుగా కూర్చోబెట్టి గీయడం ఒకటి; ఫోటో చూసి బహుమతి చిత్రాలు గీయడం మరొకటి; పత్రికలకు, పిల్లల పుస్తకాలకు, ప్రకటనలకు వేసే ఇలస్ట్రేషన్లు ఇంకొకటి. ఎదురుగా కూర్చోబెట్టి గీసేటప్పుడు నలుపు తెలుపులో ఒక ముఖానికి ఐదు నిమిషాలకు మించి దొరకవు. గంటకు పది పన్నెండు ముఖాల చొప్పున మూడు గంటల పనిలో ముప్పై దాటతాయి. ముప్పై ఒకటో మనిషి కూర్చునేసరికి మెడ పట్టేస్తుంది, అయినా ఆ మనిషికి అదే మొదటి బొమ్మ కనుక గీతలో అలసట కనిపించకూడదు. చిన్నపిల్లలు మరీ కష్టం: ముఖంలో పట్టుకోవడానికి ఒక్క ముడత కూడా ఉండదు, ఒక్క క్షణం కదలకుండా కూర్చోరు. ఈ పనికి సాధారణంగా గంటల లెక్కన డబ్బు ఇస్తారు. వేడుకలు కొన్ని నెలల్లోనే కుప్పగా వస్తాయి, మిగిలిన నెలల్లో పిలుపు రాదు.

ఇలస్ట్రేషన్ పనిలో ఇబ్బంది వేరు. మూడు రఫ్ స్కెచ్‌లు పంపాలి, ఒకటి ఖాయం చేయించుకోవాలి, ఆ తరువాత అసలు బొమ్మ వేయాలి, ఆపైన మార్పులు. ఎన్నిసార్లు మారుస్తారో ముందే రాసుకోకపోతే ఆ మార్పులకు అంతు ఉండదు. ఏ-4 కాగితం మీద 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, అచ్చు కావాలంటే 2480 × 3508 పిక్సెళ్ల ఫైలు ఉండాలి. ఫోన్ తెర కోసం చిన్నగా గీసి, తరువాత దానినే పోస్టరు చేయమంటే బొమ్మ మొత్తం మళ్లీ గీయవలసిందే. సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకోవడం, పని మధ్యలో రద్దయితే ఎంత ఇవ్వాలో రాయించుకోవడం, పత్రికలో ఒకసారి వేసుకోవడానికి ఒక ధర, వస్తువుల ప్యాకెట్ల మీద ఏళ్ల తరబడి వాడుకోవడానికి మరొక ధర చెప్పడం, బాకీ వసూలు కోసం మర్యాద తప్పకుండా నాలుగోసారి ఉత్తరం రాయడం, ఇవన్నీ ఈ వృత్తిలో భాగాలే. నాకు తెలిసిన ఫ్రీలాన్సర్లలో చాలామందికి వారంలో సగం సమయం గీయని పనులకే పోతుంది. ఈ సగం గురించి మీ అమ్మాయి ఇంకా ఆలోచించినట్లు లేదు. ఆమెకు వయసు లేదు. మీకు ఉంది, మీరూ ఆలోచించలేదు.

ఇక ఫాలోవర్ల సంగతి. ఈ దారి మీద నాకున్న అనుమానాలను దాచుకోను. బొమ్మలు గీసే పిల్లలను అనుసరించేవారిలో ఎక్కువమంది బొమ్మలు గీసే ఇతర పిల్లలే; వారు మెచ్చుకుంటారు గానీ కొనరు. ఒక ప్రచురణ సంస్థలో బొమ్మలు ఎంపిక చేసే మనిషి ఒక్కరు ఆమె పని చూడడం, ఆ 11 వేల మంది చూడడం కన్నా ఆమె బతుకుకు ఎక్కువ ఉపయోగం. పైగా ఏది ఎవరికి చూపాలో నిర్ణయించేది ఆ వేదిక. అది రేపు లెక్క మార్చుకుంటే నిన్నటి ఆదరణ కనిపించకుండా పోతుంది. 2021లో ఒక డిజిటల్ చిత్రం వేలంలో 6.9 కోట్ల డాలర్లకు పైగా పలికినప్పుడు, చదువు మానేసి అదే చేస్తామన్న పిల్లల ఉత్తరాలు నాకు వరుసగా వచ్చాయి. మరుసటి ఏడాదికే ఆ ఉత్తరాలు ఆగిపోయాయి. అదే 2022లో మాటలు టైపు చేస్తే బొమ్మలు ఇచ్చే డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటివి జనం చేతికి వచ్చాయి. ఫోటోను కార్టూన్‌లా మార్చి ఇచ్చే చౌక పని ఇక మనిషికి మిగలదని నా అభిప్రాయం. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి, ఆ మనిషిలో నవ్వు తెప్పించేది ఏదో ఐదు నిమిషాల్లో పట్టుకునే పని మిగులుతుంది. మీ కనుబొమల ముడత ఏ ఫోటోలోనూ అంత స్పష్టంగా ఉండి ఉండదు.

ఆరు నెలల కోర్సుల మీద కూడా నాకు నమ్మకం తక్కువ. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో కొన్ని వారాల్లో ఎవరైనా నేర్చుకుంటారు, చూడడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఫీజు కట్టే ముందు ఒక్కటి అడగండి: గత ఏడాది చేరినవారిలో ఇప్పుడు క్లయింట్ల నుంచి డబ్బు అందుకుంటున్నవారు ఎందరు? జవాబుకు బదులు ప్రకటనలోని మాటలే వినిపిస్తే వెనక్కి వచ్చేయండి.

అందువల్ల డిగ్రీ చేయించండి. ఫైన్ ఆర్ట్స్ అయితే మనిషి శరీరాన్ని ఎదురుగా చూసి గీసే సాధన, తప్పులు చేయడానికి కావలసినంత సమయం, తోటివారి విమర్శ దొరుకుతాయి. అందులో సీటు రాకపోతే మరో డిగ్రీ అయినా పరవాలేదు. అంత పేరున్న చిత్రకారుడు బాపు కూడా 1955లో పుచ్చుకున్నది న్యాయశాస్త్ర పట్టా. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్‌కు ముంబైలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ ప్రవేశం నిరాకరించింది. ఈ వృత్తిలో వయసైపోవడం అంటూ ఉండదు కూడా; అమెరికన్ క్యారికేచరిస్టు ఆల్ హిర్ష్‌ఫెల్డ్ 2003లో 99 ఏళ్ల వయసులో కన్నుమూసే నాటికీ గీస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మీతో ఒక కటువైన మాట. పైన కుదించి ఇచ్చాను గానీ, మీ అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అందులో నలుగురికీ ఏమని చెప్పుకోవాలన్న మాట ఐదుసార్లు ఉంది. ఆమె బొమ్మలు బాగుంటాయా లేదా అన్నది ఒక్కసారి కూడా లేదు. కూతురి చేతిలోని పని ఎలాంటిదో చూడకుండానే అది కూడు పెట్టదని తేల్చడం న్యాయం కాదండీ. తాళం వేస్తే చదువు మీద శ్రద్ధ పెరుగుతుందని అనుకున్నారు. రూళ్ల కాగితాలు చదువుకునే నోటు పుస్తకంలోంచే చిరిగి ఉంటాయి. ట్యాబ్లెట్ తిరిగి ఇచ్చేయండి. రోజుకు ఎంతసేపో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

డిగ్రీ చదువుతుండగానే ఆమెను చిన్న చిన్న పనులు డబ్బుకే చేయనివ్వండి, పేరు వస్తుందన్న ఆశ చూపి ఉచితంగా గీయించుకునేవారికి మాత్రం వద్దు. ఒక లెక్కల పుస్తకం కొనివ్వండి. ఏ పనికి ఎన్ని గంటలు పట్టింది, ఎంత వచ్చింది, చెప్పిన తేదీకి వచ్చిందా, కాగితానికి, రంగులకు, ప్రయాణానికి ఎంత పోయింది అన్నవి ఆమె చేతనే రాయించండి. వరుసగా పన్నెండు నెలలు ఆమె ఖర్చులకు సరిపడా మిగిలి, ఆరు నెలల ఖర్చు పక్కన దాచుకోగలిగిన రోజున పూర్తికాలం ఫ్రీలాన్సింగ్ గురించి మాట్లాడవచ్చు. రాకపోతే ఆ పుస్తకమే ఆమెకు చెబుతుంది. మీరు చెప్పిన దానికన్నా ఆమె దానిని ఎక్కువ నమ్ముతుంది.

అంతదాకా రోజుకొక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాల్లో గీయడం సాధన చేయమనండి. మొదటిరోజు మీరే కూర్చోండి, ఫోన్ పక్కన పెట్టి, కదలకుండా. బొమ్మ పూర్తయ్యాక అది ఎలా ఉందో చెప్పకండి. గడియారం చూసి, ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ పుస్తకం మొదటి పేజీలో మీ చేత్తో రాయండి.