మా వాడు ఏసీ ఆపమంటున్నాడు, ఏం చెయ్యాలి సార్?

(పర్యావరణం, సమాజం గురించి పాఠకుల ప్రశ్నలకు నల్లగొండకు చెందిన ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చాడంటే చాలు, ఇంట్లో క్లాసు మొదలు. ఏసీ వెయ్యొద్దు, పాలిథిన్ కవర్లు తేవొద్దు, మన వల్లే భూమి వేడెక్కుతోంది అంటాడు. మే నెలలో ఏసీ లేకుండా మా అత్తమ్మ ఎట్లా ఉంటుంది? ఫోన్లో మంచుకొండలు కరిగే వీడియోలు చూస్తే నాకూ టెన్షన్‌గానే ఉంటోంది. మేం ఒక్కళ్లం మానేస్తే ప్రపంచం మారుతుందా సార్?
– ఒక గృహిణి, మునుగోడు

జవాబు: ముందు అత్తమ్మ గదిలో ఏసీ ఆపకండమ్మా. ముసలివాళ్లకు వడదెబ్బ ప్రాణం మీదికి వస్తుంది. 26 మీద పెట్టి పైన ఫ్యాన్ తిప్పండి. బిల్లూ తగ్గుతుంది, అబ్బాయీ కొంత శాంతిస్తాడు.

ఇక అసలు సంగతి. ఒక్క ఇల్లు మానేస్తే ప్రపంచం మారుతుందా అన్నారు కదా, మీది మునుగోడు కాబట్టి మీ నీళ్ల కథతోనే జవాబు చెబుతాను. బావులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ మన గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. రంగు ఉండదు, రుచి తెలియదు. కాచితే పోకపోగా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పళ్లకు గార పట్టడం, ఎముకలు వంకర పోవడం మీరు కళ్లారా చూసినవే.

దీనికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో ఒక ఉపాయం తెచ్చారు. బకెట్ నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వెయ్యాలి. మొదట జోరుగా, ఆ తర్వాత మెల్లగా కలపాలి. దూదిపింజల్లాంటి మడ్డి అడుగుకు చేరేదాకా గంట సేపు ఆగి, పైన తేరిన నీళ్లు వంచుకోవాలి. దీని పేరే ‘నల్లగొండ టెక్నిక్’. ఇథియోపియా, టాంజానియాల్లోనూ ఇదే ఫ్లోరైడ్ బాధ, అక్కడికీ మన జిల్లా పేరుతోనే వెళ్లింది. (ప్రపంచంలో మన పేరు మోగింది ఇందుకా అని నాకు గర్వమూ, బాధా రెండూ.)

ఉద్యోగంలో ఉన్నప్పుడు కాలేజీ పిల్లలను తీసుకొని మర్రిగూడ వైపు ఊళ్లలో బోరు నీళ్లు పరీక్ష చేసేవాణ్ని. జిర్కోనియం–అలిజరిన్ ద్రావణం కలిపితే మంచి నీళ్లలో గులాబీ రంగు నిలుస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపుకు తిరుగుతుంది. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆ పసుపు చూసి ‘ఇప్పుడేం చెయ్యాలె సారూ’ అంటే పటిక పాఠం చెప్పేవాణ్ని. ఒకామె బిందె దించకుండానే అడిగింది: ‘పొద్దుగాల నాట్లకు పోవాలె. గంట సేపు బకెట్ ముందర ఎవరు కూసుంటరు?’ న్యాయమైన ప్రశ్న. కెమిస్ట్రీలో తప్పేం లేదు. కానీ ప్రతి ఇల్లూ ప్రతి రోజూ తప్పకుండా చేస్తేనే పనిచేసే ఉపాయం ఎన్నాళ్లు నడుస్తుంది? పైగా పాళ్లు తేడా వస్తే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, ఆ మడ్డి ఎక్కడ పారబోయాలన్నది ఇంకో తలనొప్పి.

మరి దేశం మన వైపు ఎప్పుడు చూసింది? 1996 లోక్‌సభ ఎన్నికల్లో. ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో, మన గోడు దేశానికి తెలియాలని జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. నల్లగొండ ఒక్క సీటుకు 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వెయ్యక తప్పలేదు. నీళ్లు మర్నాడే రాలేదు, నిజమే. ఏళ్లు పట్టింది. కానీ కృష్ణా నీళ్లు పైపుల్లో ఇళ్ల దాకా వచ్చాకే బోరు నీళ్లు తాగే అవసరం తగ్గింది. నల్లా తిప్పడానికి ఎవరికీ పటిక పాఠం అక్కర్లేదు కదా.

ఓజోన్ పొరదీ ఇదే దారి. 1985లో అంటార్కిటికా మీద చిల్లు సంగతి బయటపడింది. ఫ్రిజ్‌లు, స్ప్రేల్లోని సీఎఫ్‌సీ వాయువుల పని అది. 1987లో మాంట్రియల్ ఒప్పందం ఆ వాయువుల తయారీకే కళ్లెం వేసింది. ఇప్పుడా పొర మెల్లగా కోలుకుంటోంది. వాటి బదులు వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు భూమిని వేడెక్కిస్తాయి కాబట్టి 2016లో ఆఫ్రికాలోని కిగాలీ నగరంలో దేశాలు వాటినీ తగ్గించాలని ఒప్పుకున్నాయి. మీ ఏసీలో ఉన్నది కూడా ఆ జాతి గ్యాసే అయ్యుంటుంది. సర్వీసింగ్‌కు వచ్చిన అబ్బాయి గ్యాస్ గాల్లోకి వదిలేస్తుంటే ఆపండి. అది మీ చేతిలో ఉన్న పని.

మీ వాడి ఆవేశం నాకు నచ్చింది. దాన్ని అమ్మ మీద కాకుండా కరెంటు బొగ్గుతో ఎందుకు వస్తోందో, బస్సు మీ ఊరికి గంటకొకటి ఎందుకు రాదో అడగడానికి వాడమనండి. కవర్లు మానేయడం మంచిదే. మీ వీధి మురికి కాలువ బాగుపడుతుంది, మంచుకొండల లెక్క మాత్రం వేరే.

ప్రశ్న: అన్ని సమస్యలకూ మూలం జనాభాయే అని నేనంటాను. ఒప్పుకుంటారా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, సూర్యాపేట

జవాబు: ఒప్పుకోను. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటిన మాట నిజమే. కానీ ఏడాదికి సగటు అమెరికన్ వాటా సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అయితే, మనవాడిది సుమారు 2. తెలంగాణలో సగటున ఒక మహిళకు ఇద్దరు పిల్లలు కూడా లేరు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్క 1.8. ఇంకా ఎవరిని తగ్గమంటారు?

ప్రశ్న: మా నాన్న ఏటా ముంబై, పుణె వైపు మట్టిపనికి పోయేవాడు. ఇప్పుడు టీవీలో ‘క్లైమేట్ శరణార్థులు’ అంటున్నారు. పాలమూరు వాళ్లం మేమూ అంతేనా సార్?
– ఒక డిగ్రీ విద్యార్థి, మక్తల్

జవాబు: చట్టం ప్రకారం కాదు తమ్ముడూ. 1951 శరణార్థుల ఒప్పందం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో వేధింపులకు భయపడి దేశం దాటినవాళ్లనే గుర్తిస్తుంది. కరువు అందులో లేదు, సముద్రం పొంగడమూ లేదు. పసిఫిక్‌లోని కిరిబాతి దీవులాయన ఒకరు సముద్రం పెరుగుతోందని న్యూజిలాండ్‌లో ఆశ్రయం అడిగితే అక్కడి కోర్టులు ఒప్పుకోలేదు, 2015లో వెనక్కి పంపేశారు.

అయినా పాలమూరు వలసను మొత్తం వానల ఖాతాలో రాయడం నాకిష్టం లేదు. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేదే మీ మక్తల్ పక్కన. నది ఇంటి ముందు నుంచే పోతుంటే మీ నాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఊరు విడిచాడంటే, అందులో మబ్బుల తప్పు ఎంత, మనుషుల తప్పు ఎంత? అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. కూలీకి ఫోటో అంటించిన పాస్‌బుక్, దారి ఖర్చులు, ఊరు విడిచినందుకు భత్యం కాంట్రాక్టరే ఇవ్వాలని అందులో రాశారు. ఆ పాస్‌బుక్ ఎప్పుడైనా చేతికొచ్చిందేమో నాన్నను అడిగి నాకు రాయి.