పదిహేడు ఎంటర్లు

విజయవాడ

చిరంజీవికి,

నీ నవల అందింది. మిర్చి యార్డు నుంచి వచ్చి కూలి డబ్బు లెక్కపెట్టుకునే తల్లి ఘట్టం బాగుంది. అయితే అక్కడే నాకు ఒళ్లు మండింది. కొత్త పేజీ రావాలని అధ్యాయం చివర 17 సార్లు ఎంటర్ కొట్టావు. చదువుకోవడానికి నేను అక్షరాల సైజు కొంచెం పెంచగానే అంతా జరిగిపోయి, తర్వాతి అధ్యాయం శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగిలింది. విషయసూచికలో నువ్వు చేత్తో కొట్టిన నంబర్లన్నీ తప్పాయి.

బోల్డు చేసినంత మాత్రాన శీర్షిక కాదు. కంప్యూటరుకు అవి లావు అక్షరాలే. ఇది అధ్యాయం, ఇది ఉత్తరం అని గుర్తు పెట్టడం రచయిత పని. అది ఎలా కనిపించాలన్నది ఆ తర్వాతి సంగతి.

1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తన పుస్తకం ప్రూఫుల్లో అక్షరాల తీరు నచ్చక, పుస్తకాల పేజీలు కూర్చే టెక్ అనే ప్రోగ్రాం తయారీకి పూనుకున్నారు. అందులో ప్రతి అక్షరం ఒక పెట్టె. మాటల మధ్య ఖాళీ సాగుతుంది, కుదించుకుంటుంది. దాన్ని ఆయన జిగురు అన్నారు. పేరా మొత్తం చూశాకే వరుసలను ఎక్కడ విరవాలో టెక్ తేలుస్తుంది. చివర ఒక మాట మార్చితే మొదటి వరుస కూడా మారవచ్చు. పేరాలో ఆఖరి వరుస ఒక్కటే తర్వాతి పేజీకి పోతుంటే జరిమానా లెక్కవేసి, తక్కువ నష్టమున్న చోట పేజీ కోస్తుంది. దాని మీద లెస్లీ లాంపోర్ట్ కట్టిన లేటెక్, శీర్షికల పేజీ నంబర్లను పక్క ఫైల్లో రాసుకుని, మళ్లీ నడిపినప్పుడు విషయసూచిక నింపుతుంది. నువ్వు పది ఖాళీలు కొట్టినా దానికి ఒక్కటే లెక్క.

నా మొదటి సంపుటిని ఏలూరు రోడ్డు పక్క సందులో సీసం అక్షరాలతో కూర్చారు. ప్రూఫులో నేనొక్క మాట చేర్చితే కంపోజిటర్ పేరా చివరిదాకా వరుసలన్నీ విప్పి, వత్తులు ఒక్కొక్కటే ఏరి మళ్లీ పేర్చాడు. ఆయన నల్లబడిన వేళ్లు చూసి సిగ్గుపడ్డాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఒక సంపాదకుడు పేజీ మిగల్చాలని నా కథలో వరుసల మధ్య ఎడం తగ్గించాడు. పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడ్డాయి. తెలుగు అక్షరానికి పైనా కిందా చోటు కావాలని తెలియనివాడు పత్రిక ఎలా నడిపాడో! ఆయన్ని ఈనాటికీ క్షమించలేదు.

ఎంటర్లన్నీ తీసెయ్. అధ్యాయాలకు శీర్షిక స్టైల్ పెట్టి, యూనికోడ్‌లో మళ్లీ పంపు. తల్లి ఘట్టంలో మాత్రం ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు.

ఆశీస్సులతో.