భూమికి 454 కోట్ల ఏళ్లని నమ్మేవాళ్లు క్రైస్తవులుగా ఉండగలరా?

బైబిల్ ప్రకారం భూమికి ఆరువేల ఏళ్లేనని చర్చిల్లో చాలామంది అంటారు కాబట్టి ఈ ప్రశ్న. ఉండగలరు. నేనున్నాను కదా. జియాలజీ చదివాను, ఆదివారం ఆరాధన మానలేదు.

డిగ్రీలో ఫీల్డ్ వర్క్‌కని మమ్మల్ని కడప జిల్లా వేంపల్లె వైపు తీసుకెళ్లారు. అక్కడి డోలమైట్ రాయి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. క్యాబేజీని అడ్డంగా కోస్తే కనిపించే పొరల్లాంటి గుర్తులుంటాయి దానిమీద, స్ట్రొమటోలైట్లంటారు, లోతులేని నీళ్లలో సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టుకుంటూ పోయిన ఆనవాళ్లు. అందరూ వాటి ఫొటోలు తీసుకుంటుంటే నేను పక్కనున్న ఇంకో పలక దగ్గర కూర్చుండిపోయాను. దాని నిండా గళ్లుగళ్లుగా బీటలు, బీటల్లోకి పైపొర మట్టి దిగి గట్టిపడి ఉంది.

ఇంటికొచ్చాక ఏమీ చెప్పకుండా ఆ ఫొటో మా నాయనకు చూపించాను. రైతు, మా సంఘంలో పెద్ద. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. "ఏముందిరా, చెరువెండి నెర్రెలిచ్చింది" అన్నాడు. రాయి నాయనా అంటే నమ్మలేదు.

ఈ పొరలన్నీ నోవహు కాలంలో ఏడాదిపాటున్న జలప్రళయంలోనే పడ్డాయంటారు కదా, కొండలు మునిగిన నీళ్ల అడుగున బురద ఎప్పుడు ఎండింది? ఎండితేనే కదా నెర్రె పడేది. ఇదే అడిగితే నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఆరువేల ఏళ్లని ఎవరు చెప్పినార్రా?" అన్నాడు.

బైబిల్లో ఆ అంకె ఎక్కడా లేదు. 1650లో ఐర్లండ్ ఆర్చ్‌బిషప్ జేమ్స్ అషర్ వంశావళులు, రాజుల పాలనాకాలాలు కూడి క్రీ.పూ. 4004లో సృష్టి జరిగిందన్నాడు. తర్వాత అది ఇంగ్లిష్ బైబిళ్ల అంచుల్లో అచ్చయ్యేసరికి జనం అదీ వాక్యమే అనుకున్నారు. సూర్యుడే నాలుగో దినాన వచ్చాడని ఆదికాండం చెబుతుంటే మొదటి మూడు దినాలకు 24 గంటలు ఎవరు కొలిచారో మరి.

అన్నట్టు, "కార్బన్ డేటింగ్ తప్పని తేలింది" అనే వాట్సాప్ వీడియోలు దయచేసి నాకు పంపకండి. కార్బన్‌తో సుమారు 50 వేల ఏళ్లు దాటి కొలవలేం, భూమి వయసుకు దాన్నెవరూ వాడరు. 1956లో అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసం (లెడ్) పాళ్లు కొలిచి 455 కోట్ల ఏళ్లన్నాడు, అప్పట్నుంచి ఆ లెక్క పెద్దగా కదల్లేదు.

నాస్తిక మిత్రులూ తక్కువేం కాదు, రాళ్లు చదివినవాడివి నీకింకా చర్చెందుకంటారు. కింది పొర పాతది, పైది కొత్తది అని 1669లో రాసిన డెన్మార్క్ శాస్త్రవేత్త స్టెనో తర్వాత బిషప్ అయ్యాడు. భూమి చరిత్రలో ఒక కాలానికి కేంబ్రియన్ అని పేరుపెట్టిన ఇంగ్లండ్ జియాలజిస్టు సెడ్జ్‌విక్ కూడా పాదిరే. ముందు జలప్రళయం వాదమే చేసి, 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ సభలో నిలబడి అది తప్పని ఒప్పుకున్నాడు. మన ఉజ్జీవ సభల స్పీకర్లలో ఒక్కరైనా అలా ఒప్పుకోగా చూశారా? మైకు సౌండ్ మాత్రం ఏటేటా పెంచుతారు.

ఆ ఫొటోనే సండే స్కూల్ పిల్లలకు చూపించాను. మరుసటి వారమే నా క్లాసు ఇంకొకరికిచ్చి, నన్ను చాపలు పరిచే పనికి మార్చారు. కారణం చెప్పలేదు. నాయనకు కోపమొచ్చి ఫోన్ పట్టుకుని అయ్యగారి దగ్గరికి వెళ్లాడు. అయ్యగారు ఫొటో పెద్దది చేసి చూసి, "మన ఊరి చెరువేనా పెద్దాయనా?" అన్నారట.