కొండ మీద క్యూ చూసి జనాభా లెక్కేస్తే ఎట్లా?

ప్రశ్న: సార్, ఎండాకాలం సెలవుల్లో కొండకి పోతే సర్వదర్శనం లైను శిలాతోరణం దాకా వచ్చేసింది, అది చూసి మా బామ్మర్ది అంటాడు, జనాభా ఇట్లనే డబుల్ అవుతా పోతే మన మనవళ్లకి నిలబడే జాగా కూడా ఉండదని. నిజమేనా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: లైను నిజమే సార్, లెక్కే తప్పు. మా తాత కాలంలో కొండకి రావాలంటే సద్ది మూట కట్టుకుని అలిపిరి మెట్లెక్కేది, ఇప్పుడు చెన్నైలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరుపతి, జనం పుట్టడం కాదు, తిరగడం పెరిగింది. ఇంక డబుల్ సంగతికొస్తే 1960లో 300 కోట్లున్న ప్రపంచం 1999కల్లా 600 కోట్లయింది, అందుకే అందరికీ ఆ మాట బుర్రలో ఉండిపోయింది. కానీ పెరిగే రేటు 1960ల్లో ఏడాదికి 2 శాతం పైన ఉండేది, ఇప్పుడు 1 శాతం కూడా లేదు. 2022 నవంబర్లో 800 కోట్లు దాటినాం కదా, 2080ల్లో సుమారు 1030 కోట్ల దగ్గర ఆగి ఆ తర్వాత మెల్లగా తగ్గుతుందని 2024లో ఐక్యరాజ్యసమితి వేసిన అంచనా. 800 ఇంకోసారి డబుల్ అయి 1600 కోట్లయ్యే మాటే లేదు.

మరి ఇద్దరితో ఆపేస్తాండారు కదా, ఇంకా ఎందుకు పెరగతా ఉంది అంటారా? ఇదే అసలు చిక్కు. ఒకప్పుడు గంపెడు మంది పుట్టినారు కదా, వాళ్లూ వాళ్ల పిల్లలూ ఇప్పుడు కనే వయసులో ఉన్నారు, ఇంటికి ఇద్దరే అనుకున్నా పుట్టేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే పోయే వయసులో ఉండే ముసలోళ్లు తక్కువ మంది. బండి బ్రేకేసినా కొంచెం దూరం పోయి ఆగుతుంది చూడండి, అట్లా.

ప్రశ్న: టీకాలు, మందులు ఇచ్చి పేదోళ్ల పిల్లల్ని బతికించే కొద్దీ జనాభా పెరిగేదే కదా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: తల్లీ, మా అవ్వకి తొమ్మిది కాన్పులు, బతికింది ఐదుగురు. ఎందుకే అంతమంది అని అడిగితే "ఎవురుంటారో ఎవురు పోతారో యాడ తెలుస్తాది నాయనా" అనేది. మా అమ్మకి ముగ్గురం, ముగ్గురం ఉన్నాం. నాకు ఒక్కతే కూతురు. బిడ్డ బతుకుతాదనే ధైర్యం వచ్చినాకే, ఆడపిల్లలు చదువుకున్నాకే కాన్పులు తగ్గినాయి. బంగ్లాదేశ్ చూడండి, 1970ల్లో తల్లికి దాదాపు ఏడుగురు, ఇప్పుడు ఇద్దరే, అదేం డబ్బున్న దేశం కాదే. మన ఆంధ్రాలో అయితే 2019-21 సర్వే ప్రకారం 1.7, అంటే జనం తగ్గకుండా ఉండాల్సిన 2.1 కంటే కిందికే పోయినాం. ఇద్దరి కంటే ఎక్కువుంటే సర్పంచ్‌గా పోటీ చేయకూడదనే రూలుండేది గుర్తుందా, 2024లో దాన్ని తీసేసింది ఊరికే కాదు.

రేణిగుంట సార్‌కి ఇంకో మాట, ఈసారి సెలవులు కాని రోజు చూసుకుని, కింద టైమ్ స్లాట్ టోకెన్ తీసుకుని కొండెక్కండి. బామ్మర్దిని కూడా తీస్కపోండి.