జీన్ టెస్ట్ చేయిస్తే తాగుడు సంగతి తేలుతుందా?

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు. చికిత్స తీసుకుని ఏడు నెలలు మందు ముట్టలేదు. బంధువుల పెళ్లిలో ఒక్క పెగ్గుతో మళ్లీ మొదలైంది. మా మామగారూ తాగేవారు. ‘ఇది మా రక్తంలోనే ఉంది’ అంటున్నారు అత్తయ్య. రక్తంతో జీన్ టెస్ట్ చేయిస్తే తెలుస్తుందా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ టెస్టుకు డబ్బు పెట్టకండి. తాగుడు వ్యసనంలో వంశపారంపర్యం వాటా సుమారు సగం ఉంటుంది, నిజమే. కానీ అది ఒక్క జీన్ పని కాదు, ఎన్నో జీన్లు తలా కాస్త చేయి వేస్తాయి.

అసలు విషయం వేరే ఉంది. రక్తకణంలోనూ మెదడు కణంలోనూ ఉండే డీఎన్‌ఏ ఒకటే. ఏ కణంలో ఏ జీన్ ఆన్‌లో ఉంది, ఏది ఆఫ్‌లో ఉంది అన్నదే తేడా. మెదడు లోపల న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చిన్న భాగం ఉంది. ‘ఇంకా కావాలి’ అనే తపనలో దానిది పెద్ద పాత్ర. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని డి1 గ్రాహకంతో (కణం మీద సందేశాన్ని పట్టుకునే ప్రోటీన్‌తో) అందుకునేవి, డి2 గ్రాహకంతో అందుకునేవి అని అక్కడి నాడీకణాలు ముఖ్యంగా రెండు రకాలు. పక్కపక్కనే ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. అయినా ఎలుకలకు చాలా రోజులు ఆల్కహాల్ ఇచ్చి చూస్తే, డెల్టా ఫాస్‌బి అనే ప్రోటీన్ ప్రధానంగా డి1 కణాల్లోనే పేరుకుంది. మార్ఫిన్, హెరాయిన్ ఇస్తే రెండు రకాల్లోనూ పేరుకుంది. మిగతా జీన్ల స్విచ్‌లు వేయడం, తీయడం ఈ ప్రోటీన్ పని. దీని జాతి ప్రోటీన్లు చాలావరకు గంటల్లో కరిగిపోతాయి. ఇది మాత్రం వారాల తరబడి ఉంటుంది. అది పోయాక కూడా, అది తెచ్చిన మార్పులు కొన్ని మిగిలిపోతాయని శాస్త్రవేత్తల అంచనా. రక్తం తీసి చూస్తే ఇవేవీ కనిపించవు.

కాబట్టి మీవారిని ‘మాట మీద నిలబడని మనిషి’ అనకండి. ఏడు నెలలు ఆగడం చిన్న సంగతి కాదు. మళ్లీ సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. తపన తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులున్నాయి. అవి రాసే ముందు లివర్, కిడ్నీ పరీక్షలు చేయిస్తారు. మీ డబ్బు వాటికి పెట్టండి.

రెండు జాగ్రత్తలు. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ బిళ్లలను ఆయనకు తెలియకుండా కూరలో కలిపి పెట్టొద్దు. చాలా ఇళ్లలో ఈ పని చేస్తుంటారు. ఆ విషయం తెలియక ఆయన తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఇప్పుడు రోజూ తాగుతుంటే ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. ఈలోగా మీకే టెన్షన్‌గా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.